పప్పుకూడు తిన్నదెవరు?

ఏడుకొండలవాడు పెళ్ళి ఖర్చులకు కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. అసలు సంగతేమో గానీ, వడ్డీ మాత్రం ఇవాళ్టికీ కడుతూనే ఉన్నాడని మన నమ్మకం. అందుకని ఆయన్ని మనం చిన్నచూపు చూశామా? లేదు. 'వడ్డికాసులవాడా' అని ముద్దుగా పిలుచుకున్నాం. ముడుపులు కట్టి ఆయన వడ్డీ మనం కడుతున్నాం. గద్వాల నేతగాళ్ళు ఏటా బ్రహ్మోత్సవాలకు నియమంగా ఏరువాడ జోడు పంచెలు నేసి పంపుతారు. అప్పులవాడికి అంత మర్యాద!

అదే గద్వాలలో, ఆ పంచెలు నేసిన వీధికి నాలుగు వీధుల అవతల, మొగుడు పోయో, మొగుడు వదిలేసి పోయో ఇద్దరు పిల్లలతో మిగిలిన ఒకావిడ ఇరవై వేలు అప్పు చేసిందనుకోండి. ఆవిడకు మనం పెట్టే ముద్దుపేరేమిటి? "చెయ్యి పొదుపు లేదమ్మా, అందుకే ఇలా అయింది" అంటాం. "అంత అప్పున్న మనిషికి ఆ చీరెందుకో" అంటాం. దేవుడు అప్పు చేస్తే లీల. మగవాడు అప్పు చేస్తే వ్యాపారం. ఒంటరి ఆడది అప్పు చేస్తే మాత్రం అది ఆవిడ గుణం!

'అప్పు చేసి పప్పుకూడు' అని మనకొక సామెత ఉంది. ఆ పేరుతో 1959లో సినిమా కూడా వచ్చింది. అందరం చూసి నవ్వుకున్నాం. సామెతలో తప్పేమీ లేదు. నాకు తెలీక అడుగుతాను, ఇంతకీ ఆ పప్పుకూడు తిన్నదెవరు? అప్పు ఆవిడ పేరున ఉంది, నిజమే. కాగితం మీద సంతకం ఆవిడదే. కాని ఆ అప్పుతో వచ్చిన మోటారుసైకిలు ఎవరెక్కి తిరిగారు? ఆ అప్పుతో జరిగిన ఆడబిడ్డ పెళ్ళిలో భోజనాలు ఎవరు చేశారు? ఆ అప్పుతో వేసిన బోరులో పడని నీళ్ళకు ఎవరు బాధ్యులు? మొగుడు వెళ్ళిపోయేటప్పుడు మోటారుసైకిలు మీదే వెళ్ళిపోయాడు. వాయిదాల పుస్తకం మాత్రం గూట్లో పెట్టి పోయాడు.

ఇలాంటి ఆడవాళ్ళు పదేళ్ళకో పన్నెండేళ్ళకో మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరతారు. మన నవలల్లోనూ సినిమాల్లోనూ నాయిక ఉద్యోగంలో చేరిన రోజున కథ సుఖాంతమైపోతుంది. భుజాన సంచీ, చేతిలో గొడుగు, కళ్ళలో ఆత్మవిశ్వాసం, శుభం! అసలు కథ అక్కడే మొదలవుతుందని ఒకటో తారీఖు చూసినవాళ్ళకు తెలుసు. జీతం చేతికి వచ్చిన సాయంత్రం గుమ్మంలో ఎవరెవరు నిలబడతారో ఆ నవలలు చెప్పవు.

ఒక లెక్క వేసి చూద్దాం. మనం ఆడవాళ్ళం, లెక్కలకు భయపడం. ఇంటి లెక్క ఎప్పుడూ మనదేగా. వనపర్తిలో ఒకావిడ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిందనుకుందాం. జీతం పదివేలు అనుకుందాం. పెళ్ళికి ముందు చదువుకున్న డిగ్రీ, మధ్యలో పదేళ్ళ ఖాళీ. 'ఖాళీ' అన్నది బడివారి మాట. ఆ పదేళ్ళలో ఆవిడ ఇద్దరు పిల్లల్ని కని, అత్తగారి పక్షవాతానికి చాకిరీ చేసి, ముగ్గురి వంట ఎనిమిదిమందికి సరిపెట్టింది. ఏ కాగితం మీదా అది అనుభవం కింద రాదు.

ఇప్పుడు అప్పులు. సూక్ష్మరుణం కంపెనీకి నెలకు 2,600 వాయిదా. మొగుడు రాసిన 50,000 నోటు మీద ఈవిడ కూడా పక్కన సంతకం పెట్టింది. నూటికి మూడు రూపాయల మిత్తి, నెలకు 1,500. బంగారం బ్యాంకులో గిర్వి ఉంది, దాని మిత్తి 400. ఎత్తేసిన చిట్టీకి 1,000. అన్నగారు చేబదులిచ్చిన 60,000 ఉంది. దానికి మిత్తి లేదు గాని మాటలు ఉన్నాయి. మొత్తం నెలకు 5,500. ఇంటద్దె 2,500. మిగిలింది రెండువేలు. అందులో ముగ్గురు నెల తినాలి, బడికి వెళ్ళాలి, జ్వరాలు తెచ్చుకోకూడదు.

ఇక్కడికి ముగ్గురు సలహాదారులు వస్తారు.

మొదటిది మనలాంటి పెద్దావిడ. "ఖర్చులు తగ్గించుకో తల్లీ" అంటుంది. రెండువేలలో ఏ ఖర్చు తగ్గించాలో మాత్రం చెప్పదు. పొదుపు గొప్ప విద్యే, ఒప్పుకుంటాను. ఉన్నదాన్ని పొదుపు చెయ్యొచ్చు గాని లేనిదాన్ని ఎలా పొదుపు చేస్తారు? పాలు నీళ్ళు చెయ్యొచ్చు, నీళ్ళు పాలు చెయ్యగలమా?

రెండోవాడు అన్నగారు. "కొలువు గిలువు ఏమొద్దు చెల్లె, తల్లిగారింట్ల ఉండు, పిల్లలను సూస్కో. పైసల సంగతి మెల్లగ సూద్దాం" అంటాడు. మాట మంచిదే, మనసూ మంచిదే కావచ్చు. ఆ మెల్లగా చూసే లోపల నూటికి మూడు రూపాయల మిత్తి ఆగుతుందా? ముప్ఫయి నాలుగు నెలల్లో మిత్తే అసలంత అవుతుంది. మూడేళ్ళు నిండకుండానే యాభైవేలకు యాభైవేలు మిత్తి కట్టి, యాభైవేల అసలు అలాగే ఉంటుంది.

మూడోవాడు వాయిదా వసూలుకు వచ్చే కుర్రాడు. ఆవిడ తమ్ముడి వయసువాడు, వాడి ఉద్యోగం వాడిది. "అక్కా, మీరు కట్టేదాంక గ్రూపుల ఎవ్వరు లేవద్దు, అందరు ఇక్కడ్నే కూసోవాలె" అంటాడు. పాపం తిట్టడు. తిట్టే పని పక్కన కూర్చున్న పదిమంది ఆడవాళ్ళకు అప్పగిస్తాడు. వాళ్ళకూ పొయ్యి మీద ఎసరు ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటారు. ఒక ఆడదాని బాకీకి పదిమంది ఆడవాళ్ళను జవానులుగా పెట్టిన తెలివి ఎవరిదో గాని, జీతం ఇవ్వకుండా జవానులు దొరికారు!

అసలు అప్పులన్నీ ఆడవాళ్ళ పేరున ఎందుకు పుడుతున్నాయి? ఎందుకంటే ఆడది కడుతుంది కనుక. ఇది వ్యాపారం కనిపెట్టిన పరమ సత్యం. 1982లో డ్వాక్రా పథకం మొదలైనప్పుడు ఉద్దేశం మంచిదే. పదీ పరకా పొదుపు చేసుకునే ఆడవాళ్ళ సంఘాలకు బ్యాంకులు అప్పులిచ్చాయి. ఆ సంఘాల వల్ల మన రాష్ట్రంలో లక్షలమంది ఆడవాళ్ళు మొదటిసారి బ్యాంకు గడప తొక్కారు. కట్టడంలో వాళ్ళ నిజాయితీ చూసి, వెనకాలే సూక్ష్మరుణ కంపెనీలు దిగాయి. ఒకే ఇంటికి మూడు కంపెనీలు, నాలుగు కంపెనీలు అప్పులిచ్చి, వారం వారం వసూళ్ళు చేసి, ఊళ్ళలో ఆత్మహత్యల దాకా వచ్చాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత చట్టం చేసింది. అప్పటికి రెండు నెలల క్రితమే ఒక పెద్ద సూక్ష్మరుణ కంపెనీ వాటాలు బజారులో ఎగబడి అమ్ముడుపోయాయి. వాటాలు కొన్నవాళ్ళు లాభం లెక్క పెట్టుకున్నారు; ఆ లాభం ఎవరి కొంగు ముడి నుంచి వచ్చిందో వాళ్ళకు అక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఇప్పుడు వాటికి రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధనలే దిక్కు.

ఆ నిబంధనలు చదివితే బాగానే ఉంటాయి. ఇంటి రాబడిలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదట. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటాక వసూలుకు రాకూడదట. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, చుట్టాలకు ఫోన్లు చెయ్యకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదు. అన్నీ మంచి మాటలే. కాని 'ఇంటి రాబడి' అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. అప్పు ఇచ్చిన రోజున ఆ ఇంట్లో ఇద్దరు సంపాదించేవాళ్ళున్నారు. మొగుడు పోయిన రోజున రాబడి సగమో, పావో అయింది. వాయిదా మాత్రం అంతే ఉంది. అప్పు ఇచ్చేటప్పుడు రాబడి కొలిచినవాళ్ళు, ఆవిడ ఒంటరిదైన రోజున మళ్ళీ వచ్చి కొలిచారా? ఆ రోజు కొలబద్ద ఎక్కడికి పోయింది? నా తగాదా ఇక్కడ. కంపెనీ మీదా కాదు, ఆ కుర్రాడి మీదా కాదు. ఇల్లు విరిగినప్పుడు వాయిదా విరక్కపోవడం మీద.

పాలమూరుకు ఇది కొత్త సంగతి కాదు. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలయ్యాయి గాని, అంతకు ముందు అంతా మహబూబ్‌నగరే. పాలమూరు కూలీ లేని డ్యాము లేదని చెప్పుకుంటాం. మేస్త్రీ వస్తాడు, ముందుగా బయానా ఇస్తాడు, ఆ బయానా తీరేదాకా మనిషి వాడి చెప్పుచేతల్లో ఉంటాడు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. అయితే నాగర్‌కర్నూలు పల్లెల్లో ముసలమ్మల్ని అడగండి, బయానా తీసుకున్న మొగుడు వలసలో పోతే, ఆ బయానా ఎవరు తీర్చారో చెబుతారు. ఇప్పుడు మేస్త్రీ ఇంటికి రానక్కర్లేదు, సెల్‌ఫోనులోకే వస్తున్నాడు. నిమిషంలో అప్పిచ్చే యాప్‌లు 2020లో తెలంగాణలో ఎంత దారుణం చేశాయో, ఎన్ని ప్రాణాలు పోయాయో పేపర్లలో చదివాం. అప్పు తీసుకున్నవాళ్ళ ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ 'ఈమె దొంగ' అని పంపేవారు. మేస్త్రీ ఒక ఊళ్ళో పరువు తీసేవాడు. ఈ యాప్ చేతిలో ఉన్న ఊళ్ళన్నిట్లోనూ తీసింది.

ఇక గద్వాల చీర సంగతి. నూలు చీరకు పట్టు అంచు అతికే ఆ నేర్పు ప్రపంచమంతా మెచ్చుకుంది. అగ్గిపెట్టెలో పట్టేలా మడుస్తారని కూడా చెప్పుకుంటారు. మగ్గం మీద కూర్చునే చేతులు అందరికీ కనిపిస్తాయి. కండెలు చుట్టే చేతులు కనిపించవు. ఆ చేతులు ఆడవాళ్ళవి. కూలి మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడి పేరునే. ఆ మనిషి పోయిన మరునాడు సావుకారు అడ్వాన్సు లెక్క పట్టుకుని వచ్చేది ఎవరి దగ్గరికి? కూలి తీసుకునేటప్పుడు కనపడని మనిషి అప్పు తీర్చేటప్పుడు స్పష్టంగా కనపడుతుంది. పత్తి విత్తనాల చేలల్లోనూ అంతే. పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దేది ఆడకూలీ, ఆర్గనైజరు దగ్గర ఖాతా ఉండేది మగవాడికి.

ఇంతకీ చట్టం ఏమంటోంది? మనం చట్టం అంటే పోలీసులు, కోర్టులు అని భయపడతాం. అప్పుల విషయంలో చట్టం మన చుట్టాల కంటే దయగలది! నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 56వ సెక్షను ఉంది. డబ్బు బాకీ డిక్రీ కింద ఆడదాన్ని అరెస్టు చెయ్యడానికి వీల్లేదు. తెల్లవాళ్ళ కాలం నుంచీ ఉన్న ఈ ముక్క మనకు ఎవరూ చెప్పలేదు. "జైల్లో పెట్టిస్తా" అన్న గిరిగిరి వ్యాపారి మాట విని ఎంతమంది ఆడవాళ్ళు పుస్తెలతాడు తీసి ఇచ్చి ఉంటారో! అదే కోడ్‌లో 60వ సెక్షను కింద కట్టుబట్టలు, వంట పాత్రలు, పరుపులు, మతాచారం ప్రకారం ఆడది ఒంటి మీంచి తియ్యకూడని నగలు, పనివాడి పనిముట్లు జప్తు చెయ్యకూడదు. కూలివాళ్ళ కూలీ, ఇంటి పనివాళ్ళ జీతమూ అసలే ముట్టుకోకూడదు. నెల జీతం ఉన్నవాళ్ళకైతే మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలెయ్యాలి. అంటే మన పదివేల పంతులమ్మ జీతంలో, ఎంత పెద్ద డిక్రీ ఉన్నా, కోర్టు ఏడువేలు ఆవిడకు వదిలి మూడువేలే పట్టుకోగలదు.

గమనించారా? ముఖమైనా ఎరగని జడ్జి ఆవిడ పిల్లలకు ఏడువేలు వదిలాడు. ముఖం ఎరిగిన మనం అద్దెతో కలిపి నాలుగువేల అయిదువందలు వదిలాం.

ఇంకో ముక్క. మొగుడు ఒక్కడే రాసిన నోటుకు పెళ్ళాం బాకీదారు కాదు. ఆయన పోతే, ఆయన ఆస్తి ఎంత ఈవిడ చేతికి వచ్చిందో అంతవరకే బాధ్యత. ఆస్తి లేదంటే బాధ్యతా లేదు. పక్కన సంతకం పెట్టినా, జామీను ఉన్నా మాత్రం తప్పదు. అందుకే "ఊరికే, ఫార్మాలిటీ" అని చెప్పి పెట్టించుకునే సంతకం ఊరికే పెట్టకూడదు. కాళీ నోటు మీద అసలే పెట్టకూడదు. తెలంగాణలో మిత్తికి ఇచ్చేవాడికి లైసెన్సు ఉండాలని ఫసలీ 1349 నాటి నిజాం చట్టమే చెబుతోంది. ఆ లైసెన్సు చూపించమని అడిగిన ఆడది మన ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పుట్టాలి.

ఇంతవరకు ఆవిడ ఇవ్వవలసినవే లెక్క వేశాం. ఏ పద్దు పుస్తకానికైనా రెండు పక్కలుంటాయి. ఆవిడకు రావలసినవి ఎవరు రాశారు?

పుట్టింటి నుంచి తెచ్చుకున్న నగలు, సామాను స్త్రీధనం. అది పూర్తిగా ఆమెదేననీ, అత్తింటివాళ్ళు అట్టేపెట్టుకుంటే నేరమనీ సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. ఆ బంగారం మొగుడి వ్యాపారానికి గిర్వి పెడితే, అది ఆవిడ అప్పు కాదు. ఆవిడకు రావలసిన అప్పు. వదిలేసి పోయినవాడు పిల్లలకూ, ఆవిడకూ మనోవర్తి ఇవ్వాలి. అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్క కట్టాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అర్జీ పెట్టని ప్రతి నెలా ఆవిడ మొగుడికి మిత్తి లేని అప్పు ఇస్తున్నట్టే! ఇక అన్నగారి అరవైవేలు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. నాన్నగారి నాలుగెకరాల్లో చెల్లెలి వాటా తెమల్చకుండా, ఆ అరవైవేలు అప్పు అని అన్నగారు ఎలా అంటారు? అప్పో, వాటాలో బయానాయో ముందు తేల్చాలి. "అన్నతోనా లెక్కలు?" అంటారు. అన్న లెక్క రాసుకున్నప్పుడు లేని తప్పు, చెల్లెలు రాసుకుంటే ఎందుకొస్తుంది?

అప్పులు ఎగ్గొట్టమని చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే, పైనుంచి మళ్ళీ చదవండి. అప్పిచ్చినవాళ్ళందరూ షైలాకులు కారు. ఆ మూడు రూపాయల మిత్తికి ఇచ్చింది, కొడుకు చూడక, పెన్షను చాలక, ఉన్న యాభైవేలూ తిప్పుకుని బతికే ఇంకో ఒంటరి ముసలావిడే కావచ్చు. ఆవిడ డబ్బు ముంచమని ఏ నోటితో చెబుతాను? తీర్చాల్సిందే. అయితే వరసలో తీర్చాలి. ఇప్పుడు మనం పెట్టిన వరస గొంతు పెద్దది ఎవరిదైతే వాళ్ళకు ముందు, పరువు ఎక్కడ పోతుందో అక్కడికి ముందు, పిల్లలకు ఆఖరున. నేను చెప్పే వరస వేరు.

ముందు బియ్యం, అద్దె, పిల్లల బడి, ఆవిడ పనికి వెళ్ళే దారిఖర్చు. సంపాదించే మనిషి నిలబడకపోతే ఎవరి అప్పూ తీరదు కనుక ఇది అప్పులవాళ్ళ మేలు కోరి చెబుతున్న మాటే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు గనుక ఆ దారిఖర్చు కొంత తప్పింది. గద్వాలలో ఉండి వనపర్తిలో పని వెతుక్కోవచ్చు. 2017 నుంచి ప్రభుత్వం ఒంటరి మహిళలకు పింఛను ఇస్తోంది. అర్హత ఉంటే అడగడానికి సిగ్గెందుకు? స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు ఎవరూ సిగ్గుపడలేదే!

తర్వాత, మిత్తి ఎక్కువున్న అప్పు. చిన్న అప్పులు ముందు తీర్చి 'పేరు నిలబెట్టుకో' అని చెబుతారు. పేరుకు మిత్తి పడదు, నోటుకు పడుతుంది. ఆ యాభైవేల మీద ఏడాదికి 18,000 మిత్తి. అదే మహిళా సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చే ఏడు శాతం అప్పు అయితే ఏడాదికి 3,500. తేడా పద్నాలుగున్నర వేలు, అంటే ఆవిడ నెలన్నర జీతం. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చెయ్యకూడదని పెద్దలంటారు. ఎక్కువ మిత్తిది తీర్చడానికి తక్కువ మిత్తిది చెయ్యొచ్చు, ఆ రోజే పాత నోటు చింపించుకుంటే. చింపించుకోకపోతే రెండు అప్పులవుతాయి. కట్టిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు రాయించాలి, లేదా రసీదు పుచ్చుకోవాలి. కంపెనీకైతే, రాబడి తగ్గిందని, వాయిదా తగ్గించి గడువు పెంచమని కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటిమాటకు సాక్ష్యం లేదు. వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయాలి.

ఆఖరున, మిత్తి లేని పరువు అప్పులు. అన్నగారు ఆగుతారు. ఆగలేనంటే వాటా లెక్క తీద్దాం.

"ఒంటరి ఆడది ఇన్ని లెక్కలు చూసుకోగలదా?" అని ఒకాయన అడిగారు. ఆయనది గద్వాల దగ్గరే. గద్వాల సంస్థానాన్ని చివరి కాలంలో ఏలింది భర్త పోయిన రాణి ఆదిలక్ష్మీదేవమ్మ అని వారికి గుర్తు చెయ్యాల్సి వచ్చింది. సంస్థానం లెక్కలు చూసిన చేతులు పదివేల జీతం లెక్క చూడలేవా?

సరే, కంపెనీలను అన్నాను, అన్నగారిని అన్నాను, సామెతను కూడా అన్నాను. ఇక మనం మిగిలాం. ఈ పేజీ చదువుతున్న మన ఇళ్ళలో రెండు రూపాయల మిత్తికి పనిమనిషికి డబ్బిచ్చేవాళ్ళు లేరా? చిట్టీ పాటలో అవసరంలో ఉన్నావిడ ఎంత తగ్గించి పాడుతుందా అని కాచుకుని కూర్చునేవాళ్ళు లేరా? పిల్ల జ్వరంతో ఉందని బడికి రాలేదని టీచరమ్మ జీతంలో రోజు కోసే యాజమాన్యాల్లో మన ఆయనలు లేరా? యాభైమంది పనిచేసే చోట పసిపిల్లలను చూసుకునే గది ఉండాలని 2017లో చట్టం సవరించారు. నలభై తొమ్మిదిమందితో ఆపేసే లెక్క మన ఇళ్ళలోనే వేస్తున్నారు. ఇవేవీ నేరాలు కావు, నిజమే. కాని ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డ గుంపులో మనం కూడా ఉన్నాం, కాస్త వెనగ్గా, కాస్త మంచి చీర కట్టుకుని.

కనుక ఇకమీదట అలాంటి మనిషి మన ఎదుట పడితే "ఎంత అప్పుందమ్మా?" అని అడగవద్దు. "ఎవరి అప్పు కడుతున్నావు?" అని అడుగుదాం. జవాబులో సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. ఒకటో తారీఖున ఆవిడ జీతంలో మొదటి రూపాయి పిల్లల కంచంలో పడనిద్దాం. ఆ తర్వాత వరసలో నిలబడదాం, తోసుకోకుండా.